సూదుల డబ్బాలో రెండు క్యాపులు

నవంబర్ 4, మంగళవారం

కోరుట్ల డాక్టర్ అక్షయ్‌ని నేను వదిలిపెట్టను. ముందు ఈ మాట రాసుకుని తర్వాత మిగతాది.

పొద్దున మాధవి మేడం క్లినిక్‌లో రెండు పంటి క్యాపులు ఇవ్వడానికి పోయాను. ఆమె తలుపు దగ్గరికి వేసి తన ఫోన్ నా చేతిలో పెట్టింది. జిల్లా పళ్ల డాక్టర్ల గ్రూపు. అందులో అక్షయ్ మెసేజ్: "జగిత్యాల మక్బూల్ డెంటల్ ల్యాబ్ నుంచి వచ్చిన సిరామిక్ క్యాపులు ఈ ఏడాదిలో మూడు పగిలాయి. మెటీరియల్ మీద అనుమానంగా ఉంది. పెద్దాయనకు చేతులు వణుకుతున్నాయి, అయినా పని మానరు. అందరూ చూసుకోండి."

కింద పదకొండు బొటనవేళ్లు.

మెటీరియల్ కొనేది నేను, కాబట్టి ఆ మాట నన్ను అన్నట్టు. నన్ను అంటే పడతాను. పడను, కానీ సరే. పెద్దాయన అంటే మా నాన్న. అబ్బా చేతుల మీదికి ఎందుకు పోవాలి? ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ చుట్టుపక్కల ఎంతమంది ఆ చేతులు చేసిన పళ్లతో తింటున్నారో వీడికి తెలుసా? క్లినిక్ పెట్టిన కొత్తలో పన్ను రంగు ఎట్లా కలపాలో తెలియక మా ల్యాబులో స్టూలు మీద కూర్చుని "అక్కా, ఒక్కసారి నువ్వే చూడు" అని బతిమాలుకునేవాడు. అబ్బా వాడికి చాయ్ తెప్పించేవాడు. ఆ చాయ్ వాడికి ఎట్లా అరిగిందో.

నేను తిరిగొచ్చేసరికి అబ్బాకు ఎవరో చెప్పేశారు. రెండు చేతులూ టేబుల్ లైటు కింద పెట్టుకుని చూసుకుంటున్నాడు. నన్ను చూసి లాల్చీ జేబుల్లో పెట్టుకున్నాడు.

"నిజంగ వణుకుతున్నయా బేటీ?"

"లేదు అబ్బా," అన్నాను.

వణుకుతాయి. కొద్దిగా. పొద్దున పూట.

నవంబర్ 5, బుధవారం

పగిలిన మూడో క్యాపు అక్షయ్ పార్సిల్‌లో పంపాడు. చీటీ మీద "వెంకటేశం, సిరిసిల్ల, పై ముందు పన్ను, నాలుగు నెలలకే" అని రాసి, 'నాలుగు నెలలకే' కింద రెండు గీతలు గీశాడు. గీతలు గీయడం బాగా వచ్చు.

రెండు ముక్కలు. భూతద్దం కింద పెట్టి లోపలి వైపు చూశాను. మూలల్లో లేత పసుపు పొడి. గోటితో గీస్తే పిండిలాగా రాలింది.

దొరికాడు.

మంచి సిమెంటు అట్లా రాలదు. ఇది పాత రకం, నీళ్లతో కలిపే చవక సిమెంటు. సిరామిక్ క్యాపును దానితో అతికించి, పగిలితే ల్యాబు మీదికి తోస్తున్నాడు. ఆ పొడిని చిన్న కవరులో దులిపి, కవరు మీద తారీకు వేశాను.

నవంబర్ 6

ఇద్దరు డాక్టర్లు పనులు వాపసు తీసుకున్నారు. ఒకాయన కనీసం సాకు చెప్పాడు.

నవంబర్ 9, ఆదివారం

ఇరవై మూడో తారీకున జగిత్యాలలోనే జిల్లా డాక్టర్ల మీటింగు. చివర్లో నాకు పది నిమిషాలు ఇప్పిస్తానని మాధవి మేడం ఒప్పుకుంది. ఏం మాట్లాడాలో ఇక్కడ రాసి చూసుకుంటున్నాను.

"సార్లూ మేడంలూ, ఈ సిరామిక్ గాజు జాతిది. ఒంటరిగా ఉంటే పెళుసు. కింది పంటిని పట్టుకుని ఉంటే గట్టిది. పట్టించేది సిమెంటు. క్యాపు లోపల మేము యాసిడ్ పెట్టి గరుకు చేస్తాం. రెసిన్ సిమెంటు ఆ గరుకులోకి దిగుతుంది, నీలం లైటు వేస్తే గట్టిపడుతుంది, క్యాపూ పన్నూ ఒకటవుతాయి. నీళ్లతో కలిపే పాత సిమెంటుకు లైటూ అక్కర్లేదు, పట్టూ లేదు. క్యాపు కింద ఊరికే నిండి ఉంటుంది. కొరికితే బరువంతా క్యాపు ఒక్కదాని మీదే పడుతుంది. అప్పుడు పగలక ఏం చేస్తుంది?"

బాగుంది. చివర "ఏమంటారు డాక్టర్ అక్షయ్ గారూ?" అని చేర్చాలి. గారూ అనేటప్పుడు నవ్వాలి.

మాటలు చాలవు, కళ్లముందు పగలగొట్టి చూపించాలి. మాధవి మేడం తన దగ్గర సీసాలో దాచిన పీకిన పళ్లలో పది ఇచ్చింది. పదింటికీ నేను క్యాపులు చేస్తాను. బేసి నంబర్లు పాత సిమెంటుతో, సరి నంబర్లు మంచి సిమెంటుతో ఆమె అతికిస్తుంది. సిరిసిల్లలో సాంచలు, అంటే మరమగ్గాలు, రిపేరు చేసే మల్లేశం అన్న దగ్గర వాటి మీద బరువు పెట్టిస్తాను, ఫోన్‌లో తీస్తాను.

మాధవి మేడం ఒకటే అడిగింది. "ల్యాబు నుంచి వచ్చినంక నేనైతే మళ్లోసారి యాసిడ్ వెట్టి కడుక్కుంట. వీటికి గూడ వెట్టాల్నా?"

"అవసరం లేదు మేడం, మా దగ్గరే అయిపోయి వస్తయి," అన్నాను. అది మేము డాక్టర్లకు చేసే మర్యాద. ప్రతి డబ్బాలో చీటీ పెడతాం: 'యాసిడ్ ల్యాబులోనే అయింది, మీరు పెట్టనక్కర్లేదు.' ఆ చీటీ నా ఆలోచనే. అది చూసి అక్షయ్ అప్పట్లో "నా పని సగం తగ్గించినవక్కా" అన్నాడు.

నవంబర్ 13, గురువారం

పది క్యాపులూ అయిపోయాయి. అబ్బా స్వయంగా నంబర్లు వేశాడు. ఆ మెసేజ్ తర్వాత ఆయన స్టూలు మీద కూర్చోవడం ఇదే మొదటిసారి.

యాసిడ్ పెట్టి, కడిగి, ఆరబెట్టి వరసగా పెట్టాను. ఆయన తన పని మొదలుపెట్టాడు. తన పని అంటే ఆఖరి పని. క్యాపును పళ్ల అచ్చు పోసిన ప్లాస్టర్ మోడల్ మీద, దాని పంటి మీద కూర్చోబెట్టి, బొటనవేలితో గట్టిగా నొక్కి, అటూ ఇటూ తిప్పి చూసి, అట్లాగే డబ్బాలో పెట్టడం. డాక్టరు మూత తీయగానే చిగురు మీద పన్ను కనిపించాలి. చేయడానికి ఆయనకు మిగిలింది అదొక్కటే. చూపు ఆనకపోయినా ఆ పని వేలితో చేస్తాడు.

నాలుగో నంబరూ ఎనిమిదో నంబరూ అన్నిటికంటే అందంగా వచ్చాయని ముందు వాటిని కూర్చోబెట్టాడు. మాధవి మేడం క్లినిక్ మూసే టైము అవుతోందని మిగతావి నేను లాక్కుని డబ్బాలో పోసుకున్నాను.

"మోడల్ మీద కూసోవెట్టకుండ పంపుతవా?" అని అలిగాడు.

"పగలగొట్టడానికే కదా అబ్బా."

"పగలగొట్టేదానికైతే ఏంది? మన దుకాణంకెళ్లి పోయేదే గద."

నవంబర్ 16, ఆదివారం

సిరిసిల్ల. మల్లేశం అన్న పాత సాంచా ఇనుప బద్దతో తూగుడు బల్ల లాంటిది చేసి పెట్టాడు. ఒక కొస కింద పన్ను, ఇంకో కొసకు పళ్లెం. పళ్లెంలో తూకం రాళ్లు వేసుకుంటూ పోవడమే. పక్క షెడ్డులో సాంచల చప్పుడు, అరిస్తే గాని మాట వినపడదు.

ఒకటో నంబరు ఎనిమిది కిలోలకు టప్‌మంది. మూడో నంబరు ఏడున్నరకు. బేసి నంబర్లు ఒక్కటీ తొమ్మిది దాటలేదు. ప్రతి చప్పుడుకూ నాకు అక్షయ్ మొహం కనిపించింది. ఇంత తృప్తి నాకు ఈ మధ్య దేనిలోనూ కలగలేదు. తప్పైతే తప్పే.

రెండో నంబరుకు రాళ్లు వేస్తూనే ఉన్నాడు. పది. పన్నెండు. పద్నాలుగు. "ఏందిది చెల్లె, బద్ద వంగుతాంది గని పన్ను పగుల్తలేదు!" అని మల్లేశం అన్న కేకవేశాడు. పదిహేనుకు పగిలింది. ఆరో నంబరు పదిహేనున్నరకు. పదో నంబరు పద్నాలుగుకు.

నాలుగో నంబరు మాత్రం ఎనిమిది కిలోలకే. ఎనిమిదో నంబరు, ఏడుకు.

మల్లేశం అన్న పళ్లెం ఆపి నా వైపు చూశాడు. "గీ రెండు గిట్లెందుకైనయ్ చెల్లె?"

"పళ్లు పుచ్చినవి అన్న," అన్నాను.

ఆ రెండింటి ముక్కలూ ఏరి నా హ్యాండ్‌బ్యాగులో ఉన్న సూదుల డబ్బాలో వేసుకున్నాను.

నవంబర్ 17

నాలుగు, ఎనిమిది లెక్కలోకి రావు. పుచ్చు పళ్లు.

నవంబర్ 18

పుచ్చు పళ్లే.

నవంబర్ 20, గురువారం

పొద్దున ల్యాబు తెరిచేసరికి మెట్ల మీద ఒకాయన నోటికి కండువా అడ్డం పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. వెంకటేశం. సిరిసిల్ల, పై ముందు పన్ను. డబ్బా మీద మా ల్యాబు పేరు చూసి, అడుగుతూ అడుగుతూ వచ్చాడట.

కొట్లాటకు వచ్చాడనుకున్నాను. ఆయన నమస్తే పెట్టాడు.

"మీ తప్పు ఉన్నదని రాలే బిడ్డా. నేను సాంచల కాడ పోగు పండ్లతోని తెంపుత. అలవాటు. గందుకే పగిలిందా, మీరు చెప్పుండ్రి. గట్లయితే కొత్తది ఏసినా అంతే గద. మా ఇంటామె ముంగట గూడ కండువ తీస్తలేను."

"పోగు కొరికితే పగలదు," అన్నాను. అది నిజమే. "డాక్టరు మంచి సిమెంటు పెట్టలేదు. అందుకు పగిలింది."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఏమో బిడ్డా. సారు మస్తు పైలంగ చేసిండు. ఎంతసేపు కడిగిండో. నీలం లైటు వెట్టి, కండ్లు మూసుకో, గా లైటు సూడొద్దు అన్నడు. ఆడ పనిచేసే కళావతమ్మ నా తలకాయ కదలకుండ వట్టుకున్నది."

"నీలం లైటు వేరే పంటికి పెట్టి ఉంటాడు. సిమెంటు నింపినప్పుడు."

"నాకు చేసిందే ఒక్క పన్ను."

అబ్బా తన స్టూలు మీద నుంచి మా ఇద్దరినీ చూస్తున్నాడు. నేను ఆయన వైపు చూడలేదు. పదిహేను రోజుల్లో కొత్త క్యాపు చేసి అక్షయ్ దగ్గరికే పంపిస్తానని చెప్పి వెంకటేశాన్ని పంపించాను.

తర్వాత కవరులోని పసుపు పొడిని నల్ల కాగితం మీద పోశాను. పక్కన మా ప్లాస్టర్ సంచీలోంచి చిటికెడు పోశాను.

రంగు ఒకటే అయినంత మాత్రాన

నవంబర్ 21

నిన్నటిది పూర్తి చేయను.

నవంబర్ 22, శనివారం

వీడియోను సరిచేశాను. ఐదు పాతవి, మూడు మంచివి. మొత్తం ఎనిమిది. ఎనిమిది చాలు, పది ఉండాలని ఏ శాస్త్రంలో ఉంది?

ఆ మెసేజ్ మళ్లీ చదివాను. 'పెద్దాయనకు చేతులు వణుకుతున్నాయి.' కోపం మళ్లీ మొత్తం వచ్చింది. రావాలనే చదివాను.

నవంబర్ 23, ఆదివారం

గెలిచాను.

హాలులో నలభై మంది. అబ్బా మొదటి వరసలో, ఇస్త్రీ షేర్వానీలో. వీడియో నడుస్తుంటే ఒక్కరు కదల్లేదు. రెండో నంబరు పదిహేను కిలోలు మోసినప్పుడు వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.

అక్షయ్ లేచాడు. "నేను గూడ రెసిన్ సిమెంటే వాడుతున్న అక్కా. వెంకటేశంకు గూడ."

నేను పసుపు పొడి కవరు పైకెత్తి అందరికీ చూపించాను. "ఇది ఆయన క్యాపు లోపల దొరికింది. రెసిన్ ఇట్లా రాలుతుందా? ఏమంటారు డాక్టర్ అక్షయ్ గారూ?" నవ్వాను కూడా.

హాలంతా ఘొల్లుమంది. అక్షయ్ ఆ కవరు తీసుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. అతని మొహంలో కోపం ఉంటుందనుకున్నాను. లేదు. తన మీద తనకే అనుమానం వచ్చిన మొహం అది.

"పాత సిమెంటు డబ్బా గూడ అదే అరలుంటది," అన్నాడు మెల్లగా. "కలిపేకాడ మా కళావతమ్మ ఏమన్న మార్చిందో. నేను సూసుకోకపోవుడు నాదే తప్పు."

ముందుకు వచ్చి అబ్బా రెండు చేతులూ పట్టుకున్నాడు. "గట్ల రాయొద్దుండె సాబ్. మాఫ్ చెయ్యిండ్రి."

ఇది నేను ఎన్నిసార్లు ఊహించుకున్నానో. ఊహలో ఇంకా బాగుండేది.

నవంబర్ 24, సోమవారం

మానుకున్న డాక్టర్లిద్దరూ ఫోన్ చేశారు. గ్రూపులో అక్షయ్ పాత మెసేజ్ తీసేసి క్షమాపణ పెట్టాడట. వాడికి జరగాల్సిందే జరిగింది. జరగాల్సిందే.

మధ్యాహ్నం అన్నం దగ్గర అబ్బా అడిగాడు, "వీడియోల నాలుగు, ఎనిమిది లేవేంది?"

"పళ్లు పుచ్చినవి అబ్బా."

"నంబర్లు ఏసింది నేనే. పుచ్చుది ఒక్కటి లేకుండె."

ఆయన పెరుగు వేసుకోకుండానే లేచిపోయాడు.

నవంబర్ 25, మంగళవారం

ఇది పూర్తిగా రాస్తాను. ఇది రాయకపోతే పైనదంతా చింపేయాలి.

పొద్దున లేచేసరికి అబ్బా స్టూలు ఖాళీగా ఉంది. ప్లాస్టర్ గిన్నె కడిగి బోర్లించి ఉంది. ఆయన నా టేబుల్ దగ్గర నిలబడి ఉన్నాడు. నా హ్యాండ్‌బ్యాగు తెరిచి ఉంది, సూదుల డబ్బా ఆయన చేతిలో ఉంది. భూతద్దం కింద నాలుగో నంబరు ముక్క. లోపలి మూలలో లేత పసుపు.

"యాసిడ్ వెట్టినంక లోపల గరుకుగ అయితది గద," అన్నాడు. "గా గరుకుల ప్లాస్టరు పొడి పోతది. ఆ పొడి మీద ఎంత మంచి సిమెంటు వెట్టినా పొడినే వట్టుకుంటది, క్యాపును వట్టుకోదు. గంతే గదా?"

నేను హ్యాండ్‌బ్యాగు జిప్పు వేశాను.

"నీకు ఎప్పటికెళ్లి ఎరుక?"

"గురువారం నుంచి," అన్నాను. ఆదివారం ముందు గురువారం. ఆయనకు లెక్క అర్థమైంది.

"మెటల్ క్యాపులప్పుడు ఏం కాకపోతుండె," అన్నాడు. "ముప్పై ఏండ్లు ఏం కాలే. గీ సిరామిక్ వచ్చినంక గూడ నేను అట్లనే కూసోవెట్టిన." కొంచెం ఆగి, "కోరుట్ల పోదాం నడువు," అన్నాడు.

నేను చెప్పాను. అక్షయ్ అన్న మాట మరిచిపోయావా అన్నాను. నీ చేతులను అన్నాడు అన్నాను. ఫోన్ చేసి చెబుతా, రేపు పోదాం, రెండు రోజులు ఆగుదాం అన్నాను. ఆయన చెప్పులు వేసుకున్నాడు.

బస్సులో డబ్బా ఆయన ఒళ్లో ఉంది.

క్లినిక్‌లో పేషెంట్లు నలుగురు ఉన్నారు. లాలాజలం తీసే పైపు అక్షయ్ ఒక చేత్తో తనే పట్టుకుని, ఇంకో చేత్తో పని చేస్తున్నాడు. కళావతి నిలబడే చోట ఎవరూ లేరు. మమ్మల్ని చూసి లోపలి గదిలో కూర్చోమన్నాడు.

అబ్బా డబ్బా మూత తీసి ముక్కలు టేబుల్ మీద పెట్టాడు. మొదటి నుంచి చెప్పాడు. యాసిడ్, మోడల్, నాలుగు, ఎనిమిది. నేను దాచానని చెప్పలేదు. 'మేము' అన్నాడు. ప్రతిసారీ మేము అన్నాడు.

అక్షయ్ ముక్కను లైటు కిందికి తీసుకుపోయి చూశాడు. "నేను మీ చేతులు వణుకుతున్నయంటి గద సాబ్."

"వణుకుతయ్ డాక్టర్ సాబ్. కని క్యాపు కూసోవెట్టేటప్పుడు ఒక్కనాడు వణకలే. గట్టిగ వత్తిన. గట్టిగ వత్తినందుకే పొడి లోపలికి పోయింది."

అక్షయ్ కోపగిస్తాడని చూశాను. ఒక్క మాట అంటే చాలు, నేను పది అనేదాన్ని. నాలుక మీద సిద్ధంగా ఉన్నాయి. అతను నన్ను ఏమీ అనలేదు. ఫోన్ తీసి నంబరు కొట్టి, చేతులకు గ్లవుజులున్నాయని స్పీకర్ పెట్టాడు.

"కళావతమ్మా, రేపటికెళ్లి మళ్ల పనికి రాండ్రి. మీరు సిమెంటు మార్చలేదని తెలిసింది. తప్పు మీది కాదు."

నేను ఇన్నాళ్లూ అక్షయ్ ఒక్కడినే చూశాను. సిమెంటు కలిపే మనిషి ఒకరుంటారని, పడిన నింద ఎక్కడో ఒక చోటికి జారిపోతుందని నాకు తట్టలేదు. తట్టలేదా? హాలులో అతను ఆమె పేరు చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. విన్నాను.

"నేను మార్చలే సారూ," అంది ఆమె ఏడుస్తూ. "మెట్‌పల్లిల మా మరదలు గూడ నమ్మలే. ఆదివారంకెళ్లి అన్నం తినలే నేను. ఎవరు చెప్పిన్రు సారూ మీకు? ఎవరి నోట్లకెళ్లి వచ్చింది గీ నిజం?"

అక్షయ్ అబ్బా వైపు చూశాడు. అబ్బా నా వైపు చూశాడు. అక్షయ్ ఫోన్ నా ముందుకు జరిపాడు.

"నేను ల్యాబు షగుఫ్తాను అమ్మా," అన్నాను. ఆ తర్వాత చెప్పాల్సింది చాలా ఉంది. ఒక్కటే వచ్చింది. "తప్పు మాది."

"నువ్వు సల్లగుండు బిడ్డా," అంది. "నీ నోరు సల్లగుండ. ఇంత దూరమొచ్చి చెప్పినవు."

ఆ దీవెనను ఎట్లా వాపసు ఇవ్వాలో నాకు తెలియలేదు. అబ్బా లేచి డబ్బా మూత పెట్టాడు.

నవంబర్ 27

గ్రూపులో వీడియో మళ్లీ పెట్టించాను. పది నంబర్లతో. కింద నా పేరుతో నాలుగు వాక్యాలు. బొటనవేళ్లు లెక్కపెట్టలేదు.

అక్షయ్ మీద కోపం ఇంకా ఉంది. చాయ్ తాగి పొమ్మన్నందుకు ఎక్కువగా ఉంది. మేము తాగాం.

డిసెంబర్ 3, బుధవారం

వెంకటేశం క్యాపు అయిపోయింది. ముందు అబ్బా మోడల్ మీద కూర్చోబెట్టి, బొటనవేలితో నొక్కి, అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇగ తీస్కపో," అన్నాడు. అప్పుడు కడిగి, అన్నిటికంటే ఆఖర్న యాసిడ్ పెట్టాను. మోడల్ ఒక డబ్బాలో, క్యాపు వేరే డబ్బాలో. ఇక నుంచి అంతే.

'యాసిడ్ ల్యాబులోనే అయింది' అన్న పాత చీటీల కట్ట చింపేశాను. కొత్తది చేత్తో రాశాను. కోరుట్లలో ఈ డబ్బా మూత తీసేది కళావతి.

"ల్యాబు మాట నమ్మవద్దు. మీ దగ్గర మరోసారి యాసిడ్ పెట్టి, కడిగి, మీ కళ్లతో చూసుకున్నాకే అతికించండి. షగుఫ్తా."